వాగుకు అవతల

శనివారం. పొద్దున్నే కారు టైరు దిగిపోయి ఉంది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని లాంకాస్టర్‌లో షాపులో ఇస్తే గంటన్నర పడుతుందన్నారు. ఊరికే కూర్చోలేక చెస్ట్‌నట్ వీధి వెంట నడిచాను. మల్బరీ వీధి మూల మీద చిన్న శ్మశానం, అందులో థాడియస్ స్టీవెన్స్ సమాధి. ఈ దారిన ఎన్నిసార్లు వెళ్లానో, లోపలికి మాత్రం ఈరోజే అడుగుపెట్టాను.

వెర్మాంట్‌లో 1792లో వంకర పాదంతో పుట్టాడు. తండ్రి ఇల్లు వదిలి పోతే తల్లే కష్టపడి చదివించింది. గెటిస్‌బర్గ్‌లో వకీలుగా పేరు తెచ్చుకున్నాడు. తర్వాత అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లో బానిసత్వం మీద ఆయనంత గట్టిగా పోరాడినవాళ్లు తక్కువ.

కానీ నన్ను వదలనిది 1821 నాటి కేసు. ఛారిటీ బట్లర్ అనే బానిస స్త్రీ స్వేచ్ఛ కోరి కోర్టుకెక్కింది. అప్పటి చట్టం ప్రకారం యజమాని బానిసను పెన్సిల్వేనియాలో ఆరు నెలలు ఉంచితే ఆ మనిషికి విడుదల. ఆమె వచ్చిపోయిన రోజులన్నీ కలిపితే అంతకన్నా ఎక్కువే. వరసగా ఆరు నెలలు లేదు కదా అని వాదించి యజమానిని గెలిపించింది స్టీవెన్సే. ఆమె, ఆమె పిల్లలు మళ్లీ బానిసత్వంలోకే. ఆ తర్వాత పారిపోయి వచ్చిన బానిసల తరఫున ఆయన ఎన్ని కేసులు వాదించినా, ఛారిటీకి మాత్రం ఏమీ తిరిగి రాలేదు. ఆ రాయి ముందు నిలబడి ఆయన గురించి కన్నా ఆమె గురించే ఎక్కువసేపు ఆలోచించాను.

1866లో, చట్టం ముందు అందరికీ సమాన రక్షణ ఇచ్చే అమెరికా రాజ్యాంగ పద్నాలుగో సవరణ తను కోరినంత బలంగా లేకపోయినా ఒప్పుకున్నాడు. ఎందుకంటే, తాను దేవతల మధ్య కాదు, మనుషుల మధ్య బతుకుతున్నానన్నాడు. రెండేళ్లకే పోయాడు.

ఏకాంతం ఇష్టమై ఇక్కడికి రాలేదనీ, మిగతా శ్మశానాలు జాతిని బట్టి హద్దులు పెట్టుకున్నాయి గనక, జీవితమంతా చెప్పిన సమానత్వాన్ని చావులోనూ చూపడానికి దీన్ని ఎంచుకున్నాననీ రాయి మీద ఉంది. రెండుసార్లు చదివాను.

మా ఊళ్లో వాగుకు ఇవతలొకటి, అవతలొకటి. తాతయ్యను ఇవతలే దహనం చేశాం. నాకప్పుడు పద్నాలుగేళ్లు. రెండెందుకని అడగలేదు.

కారు తీసుకుని నాన్నకి ఫోన్ చేశాను.

"వాగవతల శ్మశానానికి రోడ్డు పడిందా నాన్నా?"

"ఇప్పుడెందుకురా అది?"

"చెప్పు నాన్నా."

కాసేపు మాట్లాడలేదు. "లేదురా. వానాకాలం వస్తే మోకాల్లోతు నీళ్లలోనే పాడె మోసుకెళ్తారు" అన్నాడు.