మూడు పట్టీల తరువాత

నెలాఖరులోగా సమ్మతి పత్రం మీద సంతకం చేసి ఇవ్వాలని సెక్షన్ ఆఫీసు నుంచి కబురు వచ్చింది. వైమానిక దళంలో చేరి వచ్చే జనవరికి నాకు 20 ఏళ్లు నిండుతాయి. 2022కు ముందు ఎయిర్‌మన్‌గా, అంటే అధికారి హోదా లేని సైనికుడిగా, చేరినవారికి మొదటి గడువు 20 ఏళ్లు. ఆ పైన ఉండదలచుకున్నవారు పొడిగింపునకు సమ్మతి తెలపాలి, అలా తెలుపుతూ పోతే 57 ఏళ్ల వయసు వరకు కొనసాగవచ్చు. సరిగ్గా ఈ సమయానికే జూనియర్ వారెంట్ ఆఫీసర్ పదోన్నతి జాబితాలో నా పేరు కూడా రావడంతో రెండు ప్రశ్నలూ ఒకే కాగితం మీదికి చేరాయి. ఉంటే వారెంట్ ర్యాంకు, వెళ్తే చేతిమీద ఈ మూడు సార్జెంటు పట్టీలతోనే ఇంటికి.

మాది ఉద్దానం ప్రాంతంలో, పలాసకు తూర్పున సముద్రం వైపు ఉండే ఊరు. మా వైపు సైన్యంలో పనిచేసినవారు లేని వీధి అరుదు కనుక సుబేదారు అంటే పిల్లలకు కూడా తెలుసు. నాయబ్ సుబేదారుగా రిటైరైన మా మావయ్యను నేటికీ ఊరంతా 'సుబేదారు గారు' అనే పిలుస్తుంది. వారెంట్ ఆఫీసర్ అంటే మాత్రం కోర్టు వారెంటు పట్టుకుని ఇంటికి వచ్చే మనిషి కాబోలనుకుంటారు. సైన్యంలో నాయబ్ సుబేదారు ఎంతో మా దళంలో జూనియర్ వారెంట్ ఆఫీసర్ అంత, ఆపై వారెంట్ ఆఫీసర్ సుబేదారుకూ, మాస్టర్ వారెంట్ ఆఫీసర్ సుబేదారు మేజరుకూ సమానమని మొన్న సెలవులో రచ్చబండ దగ్గర నలుగురికి విడమరచి చెప్పవలసి వచ్చింది. 1932లో దళం ఏర్పడిన తొలినాళ్లలో మా వంటివారిని 'హవాయి సిపాయి' అనేవారు. ఆ పేరే మిగిలి ఉంటే ఊళ్లో చెప్పుకోవడం సులువయ్యేదేమో గానీ, మా బావమరిది చేత హవాయి చెప్పుల పరిహాసం తప్పేది కాదు.

ఎవరిని సలహా అడిగినా ముందు డబ్బు దగ్గరికే వస్తారు కనుక ఆ లెక్క నేనూ వేశాను. సార్జెంటుది వేతన పట్టికలో 5వ లెవెల్, జూనియర్ వారెంట్ ఆఫీసరుది 6వ లెవెల్. నా మూలవేతనం ఇప్పుడు 41,600 రూపాయలు. పదోన్నతి వస్తే ఒక ఇంక్రిమెంటు కలిపి, పై లెవెల్‌లో దాని తరువాతి మెట్టు మీద నిలబెడతారు గనుక అది 43,600 అవుతుంది. ఇద్దరికీ సైనిక సేవా వేతనం 5,200 ఒక్కటే, పింఛను ఈ రెండూ కలిపిన దానిలో సగం. చిన్నాచితకా భత్యాలను పక్కన పెడితే ఈరోజు వెళ్లిపోయే సార్జెంటుకు 23,400, ఈరోజే వెళ్లే జూనియర్ వారెంట్ ఆఫీసరుకు 24,400, పైన ఇద్దరికీ కరువు భత్యం. ర్యాంకు తెచ్చే తేడా తొలిరోజున వెయ్యి రూపాయలన్నమాట! నిజమైన పెరుగుదల ఆ తరువాత ఉండే ఏళ్లలో వచ్చే ఇంక్రిమెంట్లది, ముందుకు వెళ్తే 7వ లెవెల్ అయిన వారెంట్ ఆఫీసరుది. అంటే డబ్బు కోసం ఉండాలనుకునేవాడు ఏడాదీ రెండేళ్లూ కాక కనీసం ఏడెనిమిదేళ్లు ఉండటానికి సిద్ధపడాలి.

ర్యాంకు వద్దనుకుని ఉద్యోగంలో మాత్రం ఉండిపోతే ఎలా ఉంటుందని ఒక మిత్రుడు అడిగాడు. 8, 16, 24 ఏళ్ల సేవకు పదోన్నతి లేకపోయినా లెవెల్ పెంచే ఏర్పాటు మాకు ఉంది. ఇప్పటికే రెండు పదోన్నతులు పొందిన నావంటివాడికి 24వ ఏట 6వ లెవెల్ అలాగే అందుతుంది. అయితే ఇవ్వజూపిన పదోన్నతిని కాదన్నవాడికి ఆ పెంపు వర్తించదు. బాధ్యత తప్పించుకుని జీతం అందుకునే ఆ నడిమి దారిని నిబంధనలు రాసినవారు ముందే ఊహించి మూసేశారు, న్యాయమే.

బయటికి వెళ్లే దారి కూడా చిన్నదేమీ కాదు. ప్రభుత్వ రంగ బ్యాంకుల గుమాస్తా ఉద్యోగాలలో 14.5 శాతం మాజీ సైనికులకు కేటాయిస్తారు, వయసులో మేము చేసిన సేవాకాలానికి మరో మూడేళ్లు కలిపి 50 వరకు సడలింపు ఇస్తారు. నాతో బెళగావి శిక్షణ కేంద్రంలో పక్క మంచం మీద పడుకున్నవాడొకడు ఇప్పటికే విజయనగరంలో బ్యాంకు కౌంటరు వెనుక కూర్చుంటున్నాడు, సాయంత్రం ఆరున్నరకు ఇంట్లో ఉంటాడు. వాడు నాతో చెప్పిన మాట ఇది: "నలభైలో పుస్తకం పడితే తలకెక్కుతుందిరా, నలభై ఆరులో పడితే నిద్రొస్తుంది." ఈ మాటకు నా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు.

అన్నిటికన్నా బలంగా వెనక్కి లాగింది తోట. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా తీరం దాటినప్పుడు నేను ఉత్తరాదిలో డ్యూటీలో ఉన్నాను. రెండు రోజుల తరువాత ఫోను కలిస్తే నాన్న చెట్ల సంగతే చెప్పారు, ఇంటి పైకప్పు మాట చివర్లో వచ్చింది. ముప్పై ఏళ్ల జీడి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. మరుసటి ఏడు వానలకు సెలవు పెట్టి వచ్చి, ఎకరంన్నరలో అంటు మొక్కలు నేనే నాటాను. ఈ వేసవిలో అవి మంచి కాపు పట్టాయి. రాలిన పండును మెలితిప్పి పిక్క వేరు చేస్తుంటే వేళ్లకు అంటుకునే ఆ జిగట వాసన హ్యాంగరులోని హైడ్రాలిక్ నూనె వాసన లాగే రెండు రోజులు వదలదు. నాన్నకు డెబ్బై దాటాయి. 80 కిలోల బస్తాను ఆయన ఇక ఎత్తలేరు, ఎత్తలేనని ఒప్పుకోరు కూడా. మా ఆవిడ ఇద్దరు పిల్లలను పెట్టుకుని శ్రీకాకుళంలో అద్దె ఇంట్లో ఉంటోంది. పెద్దవాడు వచ్చే ఏడు పదో తరగతి. "మీరు ఉండండి, వచ్చేయండి, నేనేమీ అననండీ, కానీ ఏదో ఒకటి తేల్చి చెప్పండి, ఇంటి యజమానికి నేను చెప్పుకోవాలి" అన్నది ఆమె. ఇంత సూటిగా నన్ను మరెవరూ అడగలేదు.

ఇంతమంది మాటల్లోనూ ఆ ర్యాంకులో చేయవలసిన పని ప్రస్తావనకు రాలేదు. నేను విమానపు దేహభాగాల ఫిట్టరును, స్పానరు పట్టిన చేయి. జూనియర్ వారెంట్ ఆఫీసరయ్యాక స్పానరు ఇతరుల చేతికి పోతుంది. షిఫ్టులో ఎవరిని ఎక్కడ వేయాలి, ఎవరికి సెలవు ఇవ్వాలి, ఎవరి పనిని రెండోసారి చూడాలి అన్నవి మన నెత్తిమీదికి వస్తాయి. ప్రతి విమానానికీ మేము ఎఫ్-700 అని పిలిచే పుస్తకం ఒకటి ఉంటుంది. పని చేసినవాడు అందులో సంతకం చేస్తాడు, ఆ పనిని చూసి సరే అన్నవాడు మరో సంతకం చేస్తాడు, చివరికి ఎగరబోయే పైలట్ సంతకం చేసి నిచ్చెన ఎక్కుతాడు. ఆ నడిమి సంతకమే ఇక నా బతుకవుతుందంటే మొదట మనసు ఒప్పుకోలేదు. చేతులు ఖాళీగా పెట్టుకుని నిలబడటం నాకు చేతకాదనే అనుకున్నాను.

గత శీతకాలంలో మా షిఫ్టు వారెంట్ ఆఫీసరు సెలవులో ఉండగా మూడు వారాలు ఆయన స్థానంలో నన్ను నిలబెట్టారు. ఒక రాత్రి పని ముగిసి పనిముట్లు లెక్క చూస్తుంటే ఒక చిన్న స్క్రూడ్రైవరు తగ్గింది. పెట్టెలో ప్రతి పనిముట్టుకూ దాని ఆకారంలోనే కోసిన గుంట ఉంటుంది కనుక ఖాళీ గుంట దూరం నుంచే కనిపిస్తుంది. అది దొరికేదాకా ఆ విమానం కదలకూడదు. లోపల మిగిలిపోయిన బెత్తెడు ఇనుము నియంత్రణ తీగల మధ్య ఇరుక్కుంటే ఏమవుతుందో ఎవరికీ చెప్పనక్కరలేదు. తెల్లవారితే ఎగరవలసిన విమానం. ఎంతసేపు పడుతుందని పైనుంచి ఫోను వచ్చింది. దొరికేదాకా అని చెప్పాను, గొంతు వణకకుండా చెప్పానని తరువాత గుర్తొచ్చింది. పనిచేసిన కుర్రాడు నాలుగేళ్ల ఒప్పందంపై వచ్చిన అగ్నివీర్, చలికి కాదు, భయానికి వణుకుతున్నాడు. ప్యానెళ్లన్నీ మళ్లీ విప్పించాను. దాదాపు రెండు గంటల తరువాత అది ఆ కుర్రాడి కోటు జేబు చిరుగులోంచి జారి అస్తరు అడుగున దొరికింది. తిట్టలేదు. రిజిస్టరులో జరిగింది జరిగినట్టు వాడి చేతే రాయించి, కింద నేను సంతకం చేశాను. వారం తరువాత ఎవరూ చెప్పకుండానే వాడు తన కోటు జేబులు రెండూ కుట్టించుకుని వచ్చాడు.

నాలుగేళ్లకు వచ్చినవారిలో కొనసాగేది గరిష్ఠంగా పాతిక శాతం మంది. పని చేతికి వచ్చేసరికి మిగతావారు వెళ్లిపోయే చోట, ఆ ఖాళీ గుంటను చూసి ఆగగలిగే మనుషులు షిఫ్టుకు ఒకరైనా ఉండాలి. ఆ రాత్రి ఖాళీ చేతులతో నిలబడటం కూడా పనేనని నాకు అర్థమైంది, అది నాకు వచ్చుననీ తెలిసింది. జేబులు కుట్టించుకున్న ఆ కుర్రాడు లేకపోతే బ్యాంకు పుస్తకాలే కొనుక్కునేవాణ్ణేమో.

నిన్న సంతకం చేసి ఇచ్చాను. రాత్రి ఇంటికి ఫోను చేస్తే మా ఆవిడ "సరేనండీ" అని, అద్దె ఇంటి మాట ఎత్తి, పెద్దవాడి ట్యూషను దాకా వెళ్లింది. నాన్నకు ర్యాంకు పేరు మళ్లీ చెప్పాను, సుబేదారు లాంటిదే అన్నాను. ఆయన కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు.

"అయితే వచ్చే ఏడు పిక్కలు ఎవులు ఏరిస్తార్రా?"

తోటను మావయ్య కొడుక్కి మూడేళ్ల కౌలుకు ఇద్దామని, కాపు కాలంలో పదిహేను రోజులు సెలవు పెట్టి వస్తానని చెప్పాను. కౌలు కాగితం మీద సంతకం మాత్రం తానే చేస్తానన్నారు.