టిక్కీ విప్పకుండా రేటు చెప్పమంటే

నాది బెజవాడలో కార్లు కడిగి, పాలిష్ చేసి, రంగు మీద సిరామిక్ కోటింగ్ అనే రక్షణ పొర పూసే డిటెయిలింగ్ షాపు. రోజుకు నాలుగైదు ఫోన్లు వస్తాయి, అన్నిటిలోనూ మొదటి మాట ఒకటే. "సిరామిక్ ఎంతండీ?" ఏం కారు, ఏ రంగు, ఎన్నేళ్లది, ఎండలో పెడతారా నీడలోనా, రోజూ ఎవరు తుడుస్తారు, ఇవేమీ చెప్పరు. "ఒకసారి తీసుకురండి, చూసి చెప్తాను" అన్నానంటే అవతలి మనిషికి అనుమానం మొదలు, వీడు మన వాలకం చూసి రేటు కడతాడు కాబోలని. కొందరు ఆ మాట మొహం మీదే అనేశారు.

దసరా అయిన వారంలో గుంటూరు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం, అక్కడ మిర్చి బస్తాని టిక్కీ అంటారు. ఏడేళ్ల నాటి నల్ల సెడాన్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. బానెట్ మీద పసుపు, కుంకుమ బొట్లు, ముందు గ్రిల్లులో ఎండిపోయిన బంతిపూలు. దిగీ దిగగానే, "ఏం అబ్బాయ్, ఫోన్లో చెప్పడానికి నీకేం అడ్డం? మావాడికి ఎవరో పన్నెండు వేలకే చేస్తామన్నారట" అన్నారు.

"బాబాయ్ గారూ, మీరు టిక్కీ విప్పకుండా రేటు చెప్తారా? తేజ రకం అన్నంత మాత్రాన సరిపోతుందా? తాలెంత ఉందో, తేమెంత ఉందో చెయ్యి పెట్టి చూడరూ?" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నావైపు చూసి, "సరే, విప్పు మరి" అన్నారు.

మా పనిలో విప్పడమంటే కడగడమే. ఆటోనగర్ పక్కన షాపు కాబట్టి చుట్టూ వాటర్ సర్వీసింగ్ షెడ్లు బోలెడు, అక్కడ ఇరవై నిమిషాల్లో కారు కడిగి పంపిస్తారు, నా దగ్గర రెండు గంటలు పడుతుంది. ముందు చక్రాలు, ఎందుకంటే అన్నిటికన్నా మురికి అక్కడే. తర్వాత బండి మొత్తానికి నురగ కొట్టి కాసేపు వదిలేస్తాం, మట్టి నాని దానంతటదే జారాలి. అప్పుడు రెండు బకెట్లు, ఒకదాంట్లో షాంపూ, ఇంకోదాంట్లో గ్లవ్ జాడించుకోవడానికి మంచినీళ్లు. ఒకే బకెట్టుతో కడిగితే టైరు దగ్గర తీసిన ఇసుకనే మళ్లీ తలుపుకి రుద్దినట్టు.

ఆ తర్వాత ఇనుప రజను తీసే మందు కొట్టాం. బ్రేకులు వేసినప్పుడల్లా రాలే సన్నటి రజను రంగులో గుచ్చుకుని ఉండిపోతుంది. మందు తగిలిన చోటల్లా నేరేడు పండు రసంలా ఊదాగా కారుతుంది. పెద్దాయన టీ గ్లాసు పక్కన పెట్టి పరిగెత్తుకొచ్చారు, "ఒరేయ్, రంగు కారిపోతోంది!" అని. నల్ల కారులోంచి ఊదా రంగు ఎలా కారుతుంది బాబాయ్ అంటే అప్పుడు నవ్వారు. తర్వాత క్లే. బంకమట్టి ముద్దలా ఉంటుంది, షాంపూ నీళ్లు చల్లుకుంటూ రుద్దితే పైన అంటుకున్నవన్నీ లాగేస్తుంది. ఇది మీరూ ఇంట్లో చూసుకోవచ్చు. కారు శుభ్రంగా కడిగి ఆరాక, చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని బానెట్ మీద మెల్లగా నిమరండి. కంటికి అద్దంలా కనిపించే చోట కూడా గరుకు కాగితంలా తగులుతుంది.

అప్పుడు టార్చి తీశాం. షెడ్డులో ట్యూబులైట్లు ఆర్పేసి టార్చి పట్టుకుంటే నల్ల కారు మీద సాలెగూళ్లే. గుండ్రంగా, వేలకొద్దీ సన్న గీతలు. అవి ఎక్కడినుంచి వచ్చాయో తెలియడానికి డిక్కీ తీస్తే చాలు, ఈకల డస్టరు ఒకటి ఉంది. రోజూ పొద్దున్నే పొడి దుమ్ము మీద దాంతో దులుపుతారట. మన అపార్టుమెంట్లలో వాచ్‌మన్ ఒకే గుడ్డతో, ఒకే బకెట్టు బోరు నీళ్లతో పది కార్లు తుడుస్తాడు చూశారా, అదీ ఇదీ ఒకటే. అతని తప్పేం లేదు, మనం నెలకిచ్చే నాలుగైదు వందలకి అంతకన్నా ఏం చేస్తాడు. ఆ బోరు నీళ్లు ఎండలో ఆరితే సున్నపు మచ్చలు మిగులుతాయి, అవి ముదిరితే షాంపూకి పోవు, యాసిడ్ కలిసిన మందు జాగ్రత్తగా వాడాలి.

తర్వాత మీటరు తీశాను. రంగు మందం మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) చెప్పే చిన్న యంత్రం, రేకు మీదే పనిచేస్తుంది, ప్లాస్టిక్ బంపరు మీద పనిచెయ్యదు. డ్రైవరు తలుపు 118, 121, 116. కంపెనీ రంగు సాధారణంగా ఈ చుట్టుపక్కలే ఉంటుంది. టాపు 112. ఎడమవైపు వెనక తలుపు దగ్గరికొచ్చేసరికి 640.

"ఇదేంటి?" అన్నారు.

"లప్పం, బాబాయ్ గారూ. టింకరింగ్ చేసి, లప్పం పెట్టి, మళ్లీ రంగు వేశారు. ఎప్పుడో గట్టిగానే తగిలింది."

కొన్నప్పుడు ఒక్క గీత కూడా పడని బండి అని చెప్పారట. ఆయన చాలాసేపు ఆ తలుపు వైపే చూస్తూ నిలబడి, పక్కకెళ్లి ఎవరికో ఫోన్ చేసి గట్టిగా నాలుగు మాటలన్నారు. నేను వినలేదు అని రాస్తున్నాను గానీ విన్నాను.

ఈ మీటరు ఎందుకంటే, ఆ 118 మైక్రాన్లలో పైన ఉండే పారదర్శక పొర, అంటే క్లియర్ కోటు, 40, 50 మైక్రాన్లే. మన వెంట్రుక మందం దాదాపు 70 ఉంటుంది, అంతకన్నా తక్కువన్నమాట. పాలిష్ అంటే గీతని పూడ్చడం కాదు, గీత చుట్టూ ఉన్న క్లియర్ కోటుని గీత అడుగుదాకా అరగదియ్యడం. ఒక్కసారి గట్టిగా పాలిష్ చేస్తే రెండు మూడు మైక్రాన్లు పోవచ్చు, పోయింది తిరిగి రాదు. అందుకే ఏడాదికోసారి రుబ్బింగ్ పాలిష్ కొట్టించుకునే వాళ్లని చూస్తే నాకు గుండె తరుక్కుపోతుంది. కొత్తలో నేనూ ఒక వెధవ పని చేశాను. మా పిన్ని కొడుకు కారు, తలుపు అంచు మీద పాలిష్ చేసే రోటరీ మిషను ఒక్క రెండు క్షణాలు ఎక్కువ ఆపాను. అంచుల్లో రంగు పల్చగా ఉంటుంది, వేడి త్వరగా ఎక్కుతుంది. తెల్లటి ప్రైమరు బయటపడింది. తలుపంతా మళ్లీ రంగు వేయించి డబ్బు నేనే కట్టాను, పిన్ని ఇంటికి ఆర్నెల్లు వెళ్లలేదు. ఇప్పుడు అంచులన్నిటికీ టేపు వెయ్యనిదే మిషను ముట్టుకోను, ఎక్కువగా వాడేది కూడా వేడి తక్కువ పుట్టే డ్యూయల్ యాక్షన్ మిషనే.

పెద్దాయన బండికి ముందు బానెట్ మీద రెండడుగుల చదరం టేపుతో కట్టి అక్కడే ప్రయోగం చేశాం. మెత్తటి ప్యాడ్, తేలిక పాలిష్. చాల్లేదు. ఇంకాస్త గట్టి ప్యాడ్. నూటికి డెబ్భై గీతలు పోయాయి. ఇక్కడ ఆగుదామన్నాను. గోరు ఆనిస్తే తగిలే లోతు గీతలు ఐదారు ఉన్నాయి, వాటి కోసం గీకితే క్లియర్ కోటే ఎగిరిపోతుంది. పన్నెండు వేలకి "అన్ని గీతలూ మాయం" అనేవాళ్లు సాధారణంగా చేసేదేమిటంటే, నూనె ఎక్కువున్న పాలిష్‌తో గీతల్ని నింపి దానిమీద కోటింగ్ పూసేస్తారు. నాలుగు వాషులకి సాలెగూళ్లు తిరిగొస్తాయి. మేం పాలిష్ అయ్యాక ఆల్కహాల్ కలిపిన నీళ్లతో నూనె మొత్తం తుడిచి, మళ్లీ టార్చి పట్టి చూస్తాం, అప్పుడు కనిపించేదే నిజం.

ఇక లెక్క. ఆయనకి 26,000 చెప్పాను, జీఎస్‌టీ 18 శాతం 4,680 కలిపి 30,680. కోటింగ్ సీసా చూపించమన్నారు. చూపించాను, 50 మి.లీ., దాదాపు కాటుక భరిణంత. "ఇంతదానికా!" అన్నారు. అదే నేనూ చెప్పేది, డబ్బు దానికి కాదు. సీసా 5,500. ప్యాడ్లు, గుడ్డలు, మందులు 2,000. ఇద్దరు కుర్రాళ్లకి మూడు రోజుల కూలి 5,000. ఆ మూడు రోజులూ ఇంకో బండి ఎక్కని బే (బండి నిలిపే చోటు) అద్దె, ఏసీ కరెంటు 4,500. మిగిలిన తొమ్మిది వేలు నావి, అందులోంచే మిషన్ల కిస్తీ, ఎవరైనా పిన్ని కొడుకు కారు లాంటిది జరిగితే దానికి. అదే బండి కొత్తదైతే పాలిష్ ఒకపూటలో అయిపోతుంది, 17,000కే చేసేవాణ్ణి. ఫోన్లో ఒకే రేటు చెప్పాలంటే ఈ ఇద్దరిలో ఎవరినో ఒకర్ని మోసం చేసినట్టే కదా.

కోటింగ్ మాత్రం రాత్రి పూశాం. షట్టరు దించి, ఏసీ వేసి. మన బెజవాడ ఎండలో మధ్యాహ్నం పూస్తే ఒక పక్క పూసి తుడిచేలోపే పట్టేసి మచ్చలుగా గడ్డకడుతుంది, మళ్లీ పాలిష్‌తో తియ్యాల్సిందే. ఒకసారి సగం టాపు పూశాక కరెంటు పోయింది, ఇద్దరం సెల్‌ఫోన్ లైట్లు నోట్లో పెట్టుకుని తుడిచాం. పూశాక ఒక రోజు తడి తగలకూడదు, వారం దాకా షాంపూ వద్దు. అందుకే దసరా ముందు కోటింగ్ అడిగేవాళ్లకి పండగయ్యాక రమ్మంటాను. పూసిన మర్నాడే దుర్గమ్మ కొండకి తీసుకెళ్లి పసుపు పట్టిస్తే నా పని ఏం కావాలి? (పసుపు మరకకి కంగారుపడకండి, నాలుగు రోజులు ఎండ తగిలితే దానంతటదే వెలిసిపోతుంది. పొడి గుడ్డతో రుద్దితే పడే గీతలే పోవు.)

9హెచ్ గురించి కూడా అడిగారు, అందరూ అడుగుతారు. వజ్రంలా గట్టి అని అమ్మేవాళ్లు చెప్తారు. అది పెన్సిళ్ల లెక్క అండీ. 9హెచ్ పెన్సిల్‌తో గీస్తే గీత పడదని అర్థం, అంతే. రాయి తగిలితే పడుతుంది, తాళం చెవితో గీస్తే పడుతుంది. సిరామిక్ చేసేది నీళ్లు నిలవనివ్వకపోవడం, మురికి అంటనివ్వకపోవడం, కడగడం తేలిక చెయ్యడం. రాళ్లు ఆపాలంటే పీపీఎఫ్, అంటే పాలియురెథేన్ ఫిల్ము వెయ్యాలి. దాదాపు 200 మైక్రాన్ల మందం, చిన్న గీతలు వేడికి వాటంతటవే పూడుకుంటాయి, మన మే నెలలో హీట్ గన్ కూడా అక్కర్లేదు. బండి మొత్తానికైతే లక్ష దాటుతుంది. రోజూ ఎన్‌హెచ్ 16 మీద గుంటూరు నుంచి లారీల వెనకాల వచ్చిపోయే మనిషికి ముందు బంపరు, బానెట్ వరకు వేసుకుంటే చాలని నా అభిప్రాయం. పెద్దాయన వద్దన్నారు. నేనూ బలవంతపెట్టలేదు, మళ్లీ రంగు వేసిన బండి మీద ఫిల్ము వేస్తే తీసేటప్పుడు కొన్నిసార్లు రంగు కూడా దాంతో వస్తుంది, ఆ బానెట్ మీటరు 230 చూపిస్తోంది మరి.

వద్దని చెప్పడం కూడా ఈ పనిలో ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు నుంచి వరసగా కార్లొచ్చాయి. సీట్లు విప్పి కార్పెట్ ఎత్తితే కింద ఫోములో నీళ్లు పిండితే కారేంత. ముందు బ్యాటరీ వైరు తీసి, ఆగి, అప్పుడు సీటు కింది పసుపు కనెక్టర్లు ముట్టుకోవాలి, అవి ఎయిర్‌బ్యాగువి. డ్యాష్‌బోర్డు దాకా మునిగిన రెండు బండ్లకి మాత్రం డిటెయిలింగ్ డబ్బు దండగ, ముందు ఇన్సూరెన్స్ వాళ్లని పిలవండి అని పంపించేశాను.

మూడో రోజు సాయంత్రం పెద్దాయన వచ్చి తలుపులో తన మొహం చూసుకుని మీసం సర్దుకున్నారు. 680 తగ్గించమని బేరం పెట్టారు, తగ్గించాను, యార్డు మనిషిని ఊరికే పంపకూడదు కదా. రెండు మైక్రోఫైబర్ గుడ్డలు, ఒక షాంపూ సీసా ఇచ్చాను. గుంటూరు చేరాక ఫోన్ వచ్చింది.

"అబ్బాయ్, డిక్కీలో నా డస్టరు కనబడట్లేదే?"

"వెతుకుతాను బాబాయ్ గారూ" అన్నాను. నా టేబుల్ సొరుగులోనే ఉంది.