హట్టెరాస్ ఈసారి కాదు

అమెరికా తూర్పు తీరంలో నార్‌ఫోక్ నుంచి దక్షిణాన ఉన్న బ్యూఫోర్ట్‌కు మా తెరచాప పడవలో వెళ్లాలి. దారిలో సముద్రంలోకి పొడుచుకొచ్చిన హట్టెరాస్ అగ్రాన్ని సముద్రం మీదుగా చుట్టి వెళ్లాలన్నది నా ఎన్నాళ్ల కోరికో! సరిగ్గా బయలుదేరే ముందు ఈశాన్యం నుంచి గాలి మొదలైంది. గల్ఫ్ స్ట్రీమ్ అనే సముద్ర ప్రవాహం అక్కడ ఈశాన్యం వైపే పరుగెడుతుంది. గాలి దానికి ఎదురు వీస్తే అలలు గోడల్లా నిటారుగా లేస్తాయి. పక్కనే నీళ్ల కింద డైమండ్ షోల్స్ అనే ఇసుక తిన్నెలు. తలదాచుకోవడానికి దగ్గరలో మంచి రేవు ఉండదు.

మనసు కష్టపెట్టుకుంటూనే, తీరానికి లోపలగా నదులు, కాలువల మీదుగా సాగే జలమార్గం పట్టాం. సుమారు 200 మైళ్లు, చాలావరకు ఇంజను మీదే. స్థిర వంతెనల కింద దాదాపు 65 అడుగుల ఎత్తు ఉంటుంది. మా తెరచాప స్తంభం 58 అడుగులే. అయినా ప్రతి వంతెన దగ్గరా ఊపిరి బిగబట్టాను.

సాయంత్రం అలిగేటర్ నదిలో లంగరు వేశాం. డికాషన్ రంగు నీళ్లు, కదలని పడవ. రాత్రి రేడియోలో హట్టెరాస్ దగ్గర 12 అడుగుల అలలని చెప్పారు. మా అమ్మాయి అప్పటికే నిద్రపోయింది.