బరీక్ వద్దన్న బరోలో పెద్దాయన

ఇటలీ రెడ్ వైన్ అంటే చాలామంది ముదురు రంగే ఊహించుకుంటారు గానీ బరోలో అనే వైన్ గ్లాసులో పోస్తే పల్చగా, అంచుల్లో ఇటుక రంగులో ఉంటుంది, ఓస్ ఇంతేనా అనుకుని గుక్క వేశామా టానిన్, అదే ద్రాక్ష తొక్కల్లోంచి వచ్చే వగరు, చిగుళ్ళని పట్టేసుకుంటుంది. వాసన ఎండు గులాబీలు, కొంచెం తారు. తారేంటి అనకండి, నిజంగానే తారు!

ఇటలీ వాయవ్యాన ఉన్న పియెమోంటేలో నెబ్బియోలో అనే ద్రాక్ష ఒక్కదాంతోనే చేస్తారు, రూల్ ప్రకారం కనీసం 38 నెలలు ఆగాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో. గొడవంతా ఆ పీపాల దగ్గరే. 1980ల్లో కుర్ర వైన్‌మేకర్లు బరీక్‌లు, అంటే 225 లీటర్ల చిన్న ఫ్రెంచ్ ఓక్ పీపాలు, దించారు, వైన్ త్వరగా మెత్తబడుతుంది, వెనిలా వాసన వస్తుంది, అమెరికాలో బాగా అమ్ముడుపోతుంది. బరోలో చేసే పెద్దాయన బార్టోలో మస్కరెల్లో మాత్రం ససేమిరా అన్నాడు. వాళ్ళ నాన్న లాగే పెద్ద పెద్ద పీపాలే వాడాడు, మిగతావాళ్ళు ఒక్కో తోట పేరు లేబుల్ మీద వేసుకుంటుంటే ఈయన కనూబి, సాన్ లొరెంజో, రుయే, రొక్కే తోటల ద్రాక్ష అన్నీ కలిపే చేసేవాడు.

వయసు మీదపడ్డాక కూర్చుని చేత్తో లేబుళ్ళు గీసేవాడు, అందులో ఒకటి తెగ ఫేమస్, "నో బరీక్, నో బెర్లుస్కోనీ", అంటే బరీకూ వద్దు, ఇటలీ రాజకీయ నాయకుడు బెర్లుస్కోనీ కూడా వద్దు అని. మొండితనమంటే ఇదీ! 2005లో పోయాడు, తర్వాత కూతురు మరియా తెరేసా కూడా అదే దారి.

బరీక్ వైన్లన్నీ దండగ అనను గానీ నా ఓటు ఈయనకే. కాకపోతే కొత్త వింటేజ్ (ఈమధ్య ఏడాది పంటతో చేసిన వైన్) దొరికిందని వెంటనే మూత తీసేయకండి, పదేళ్ళయినా ఆగాలి.