బండికి మ్యాప్ బిగించుకున్నాను

ల్యాబుల్లో రక్తపరీక్షలు చేసే మెషీన్లు మొరాయిస్తే వెళ్లి బాగుచేసే ఉద్యోగం నాది. ఉండేది విశాఖ మధురవాడలో. కాల్ మాత్రం ఎక్కడినుంచైనా రావచ్చు: ఒకరోజు గాజువాక, ఇంకోరోజు నర్సీపట్నం, మధ్యలో పాడేరు, అరకు. సిటీలో తిరిగినన్నాళ్లూ ఫోన్ జేబులో పడేసి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని లాగించేశాను. ఏజెన్సీ ఊళ్ల కాల్స్ పెరిగాక అది కుదరలేదు. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కితే సిగ్నల్ వచ్చినట్టే వచ్చి పోతుంది. దారి చీలిన ప్రతిచోటా బండి ఆపి, గ్లవ్ తీసి, జేబులో ఫోన్ వెతుక్కుని చూసుకోవడం విసుగు సంగతి అలా ఉంచితే, ఘాట్ మలుపుల్లో అలా ఆగడమే ప్రమాదం.

మొదట చూసినవి బైకుల కోసమే తయారైన జీపీఎస్ పరికరాలు, గార్మిన్ జూమో లాంటివి. ఎండలో కూడా కనబడే స్క్రీన్, గ్లవ్‌తో నొక్కినా పలికే టచ్, వాన తట్టుకునే బాడీ. వస్తువుగా వంక పెట్టడానికి లేదు. కానీ ఆ డబ్బుకి మంచి ఫోనే వస్తుంది. పైగా నాకు అడ్రసులన్నీ వాట్సాప్‌లో లొకేషన్‌గా వస్తాయి. ఫోన్లో అయితే దాన్ని నొక్కితే దారి వచ్చేస్తుంది. అదే లొకేషన్‌ని ఇంకో పరికరంలోకి ఎక్కించడం అంటే రోజూ ఓ అదనపు పని.

తర్వాత చూసింది స్పీడోమీటర్ పక్కన గుండ్రంగా ఉండే బుల్లి డయల్. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2020లో మీటియర్ 350తో పాటు ట్రిప్పర్ పేరుతో తెచ్చింది అలాంటిదే. ఒక బాణం గుర్తు, మలుపు ఎంత దూరంలో ఉందో ఓ అంకె, అంతే. నా దృష్టిలో బండి నడిపేవాడికి కావాల్సింది అంతే కూడా. కానీ దారి లెక్కలన్నీ వేసేది జేబులో ఉన్న ఫోనే కాబట్టి దాని చార్జింగ్ గొడవ ఎక్కడికీ పోదు.

రోజూ వాడే ఫోన్‌ని హ్యాండిల్‌కి తగిలించడం నాకు ఇష్టం లేదు. మా ఆఫీసులో ఒకతను అలాగే తిరిగాడు. కొన్నాళ్లకి కెమెరా ఫోకస్ అవడం మానేసింది, ఫొటో తీస్తుంటే లోపల టకటకమని చప్పుడు. దీని వెనక కారణం ఉంది. చెయ్యి వణికినా ఫొటో చెదరకుండా ఉండటానికి చాలా ఫోన్లలో లెన్సు కదిలేలా పెడతారు. దాన్ని పట్టి ఉంచేవి సన్నటి స్ప్రింగులు, అయస్కాంతాలు. బైకు ఇంజన్ వణుకు గంటల తరబడి తగిలితే ఆ ఏర్పాటు దెబ్బతినొచ్చని 2021లో ఆపిల్ సంస్థే తన వాడకందార్లకి చెప్పింది. నాది సింగిల్ సిలిండర్ 350 సీసీ బండి, వణుక్కి కొదవ లేదు.

అందుకని డ్రాయర్లో ఊరికే పడున్న పాత ఆండ్రాయిడ్ ఫోన్‌కి ఈ ఉద్యోగం ఇచ్చాను. దాని కెమెరా పోయినా నాకు బెంగ లేదు. సిమ్ కూడా వెయ్యలేదు. "సిమ్ లేకుండా జీపీఎస్ ఎలా వస్తుంది బావా?" అని మా బావమరిది పట్టుకున్నాడు. ఉపగ్రహాల సంకేతాన్ని అందుకోడానికి సిమ్ అక్కర్లేదు, రేడియో వినడానికి అక్కర్లేనట్టే. నెట్ ఉంటే ఉపగ్రహాలు ఎక్కడున్నాయో ఫోన్‌కి ముందే తెలిసిపోతుంది కాబట్టి చోటు గబుక్కున దొరుకుతుంది. లేకపోతే ఆ వివరాన్ని ఒక్కో ఉపగ్రహం నుంచే తీసుకోవాలి, దానికి దాదాపు 30 సెకన్లు పడుతుంది. ఆ 30 సెకన్లూ పైన ఆకాశం కనబడాలి. మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో స్టార్ట్ చేసి అలాగే బయల్దేరితే బాణం చాలాసేపు పిచ్చిచూపులు చూస్తుంది. గేటు బయట ఆపి, హెల్మెట్ పెట్టుకునేలోపు సర్దుకుంటుంది. మ్యాపులు ఇంట్లో వైఫై మీదే దించుకుంటాను. విశాఖ నుంచి పాడేరు, అరకు దాకా ఒక పెద్ద ముక్క గూగుల్ మ్యాప్స్‌లో, అదే ప్రాంతం ఇంకోసారి ఓఎస్ఎమ్‌అండ్ అనే ఇంకో మ్యాప్ యాప్‌లో. కొండల్లో ఊళ్ల మధ్య చిన్న బాటలు ఒకదాంట్లో లేనివి రెండోదాంట్లో ఉంటాయి.

ఇక హోల్డర్. హ్యాండిల్ రాడ్డు మందం తెలియకుండా ఆర్డర్ పెట్టకూడదు. దారం ఒక చుట్టు చుట్టి కొలిస్తే 69 మిల్లీమీటర్లు వచ్చింది, అంటే 22 ఎం.ఎం. రాడ్డు. ఎక్కువ బళ్లకి ఇదే సైజు. లావు హ్యాండిల్ ఉన్న బళ్లకి 28.6 కూడా ఉంటుంది. షాపువాడు అద్దం రాడ్డుకి బిగించే రకం చూపించాడు. అందంగానే ఉంది గానీ పొడుగాటి రాడ్డు చివర ఫోన్ కూర్చుంటే వణుకు ఇంకా పెరుగుతుంది. నేను తీసుకుంది హ్యాండిల్ మధ్యలో, స్టెమ్‌కి (హ్యాండిల్‌ని బండికి కలిపే చోటుకి) దగ్గరగా పట్టే అల్యూమినియం క్లాంపు, నాలుగు మూలలా పట్టు, మధ్యలో వణుకుని తగ్గించే రబ్బరు గుబ్బల డ్యాంపర్. బిగించాక హ్యాండిల్ ఎడమకి పూర్తిగా, కుడికి పూర్తిగా తిప్పి చూశాను. ఎడమవైపు తిప్పితే క్లచ్ వైరు ఫోన్ అంచుకి రాసుకుంటోంది. క్లాంపు ఒక అంగుళం జరిపితే సరిపోయింది. తాళం పెట్టే చోటు, స్పీడోమీటర్ ముల్లు, ఇండికేటర్ లైటు, ఏవీ దాని వెనక పడకూడదు.

అసలు పనంతా కరెంటు దగ్గరే. స్క్రీన్ ఆపకుండా వెలుగుతుంటే పాత ఫోన్ బ్యాటరీ అరకు చేరేదాకా ఆగదు, బండి నుంచి కరెంటు ఇవ్వాల్సిందే. చార్జర్ కొనడం తేలికే, దాన్ని ఎక్కడ కలపాలన్నదే ప్రశ్న. కంచరపాలెంలో నాకు అలవాటైన ఎలక్ట్రీషియన్ ఉన్నాడు, పెద్దాయన. చార్జర్ చేతిలో పెట్టగానే, "ఏటి బాబూ, దీనికి ఇంత ఆలోచనా? బ్యాటరీకి డైరెక్టుగా తగిలించీస్తే అయిపోద్ది" అన్నాడు.

"తాళం తీసేసినా అది కొంచెం కొంచెం తాగుతూనే ఉంటుంది కదన్నా. పండక్కి ఊరెళ్లొచ్చేసరికి సెల్ఫ్ పడదు."

"అలగైతే హారన్ వైరు నుంచి లాగుదాం."

హారన్ కొట్టినప్పుడల్లా ఆ వైరులో వోల్టేజి పడుతుంది, చార్జింగ్ ఆగి ఆగి వస్తుంది, వద్దన్నాను. చివరికి రిలే పెట్టించాను, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్చి. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు, ఫ్యూజు నుంచి రిలేలో 30 నంబరు పిన్ను. 87 నుంచి చార్జర్. 85, 86 మధ్య ఉండే కాయిల్‌కి ఒకవైపు ఎర్త్, రెండోవైపు తాళం తిప్పితేనే కరెంటు వచ్చే పార్కింగ్ లైటు వైరు. తాళం తిప్పితే టిక్ మని చప్పుడు, చార్జర్ లైటు వెలుగుతుంది. తీస్తే ఆరిపోతుంది. ఒక్క ఫోన్‌కి రిలే తప్పనిసరేం కాదు. 5 వోల్టులు, 2 ఆంపియర్లు అంటే 10 వాట్లు, బండి 12 వోల్టుల వైపు చూస్తే ఆంపియర్ చుట్టుపక్కలే. కానీ రేపు ఫాగ్ లైట్లు గానీ ఇంకేదైనా గానీ పెడితే బండి అసలు వైరింగు మీద బరువు పడదని నా లెక్క. పెద్దాయన 10 ఆంపియర్ల ఫ్యూజు తీశాడు, నేను 3 వెయ్యమన్నాను. ఫ్యూజు ఉన్నది ఫోన్ కోసం కాదు, వైరు కోసం. ఎక్కడో ఒరుసుకుని షార్టయితే కాలాల్సింది ఫ్యూజే, ట్యాంకు కింద వైరు కాదు. అందుకే దాన్ని బ్యాటరీకి జానెడు దూరంలోనే పెట్టాలి. ఇందులో ఆయనా ఒక మంచి మాట చెప్పాడు: చార్జర్ మూతి కిందికి చూసేలా బిగించి, కేబుల్ ముందు కిందికి దిగి తర్వాత పైకి ఎక్కేలా ఓ వంపు వదలమన్నాడు. వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, పిన్నులోకి పోవు.

విశాఖలో వానకంటే సముద్రపు ఉప్పుగాలితోనే ఎక్కువ పేచీ. భీమిలి బీచ్ రోడ్డులో రోజూ తిరిగే బండి మీద మామూలు స్క్రూ ఏదైనా తుప్పు పట్టక మానదు. హోల్డర్‌తో వచ్చిన బోల్టులు తీసేసి స్టెయిన్‌లెస్‌వి వేశాను. యూఎస్‌బీ మూతికి రబ్బరు మూత, టెర్మినళ్ల మీద పల్చగా వాసెలిన్. బోల్టు తలకాయ మీంచి క్లాంపు మీదికి మా ఆవిడ గోళ్ల రంగుతో ఎర్రగా ఒక గీత గీశాను. గీత తెగి పక్కకి జరిగిందంటే బోల్టు వదులవుతోందని అర్థం. మొదట్లో కాస్త జరిగింది, మళ్లీ బిగించాక కదల్లేదు.

పోలీసులు ఆపుతారేమోనని టెన్షన్ పడక్కర్లేదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2020లో చేసిన మార్పు ప్రకారం, నడిపేవాడి ధ్యాస చెదరకుండా దారి చూసుకోడానికి ఫోన్ వాడొచ్చు. చేత్తో పట్టుకుని మాట్లాడితే మాత్రం కేసే.

బిగించాక తెలిసిన సంగతులు కొన్ని. ఎన్ఏడీ ఫ్లైఓవర్ దగ్గర దీన్ని పూర్తిగా నమ్మకూడదు. పైన రోడ్డు, కింద రోడ్డు ఒకే చోట ఉంటే మనం ఏ అంతస్తులో ఉన్నామో దానికి సరిగ్గా తెలియదు. అనంతగిరి ఘాట్‌లో హెయిర్‌పిన్ మలుపుల దగ్గరా అంతే. రెండు వరసల రోడ్డు పక్కపక్కనే ఉంటుంది, కొండ అడ్డొచ్చి బాణం పై వరసకి దూకేస్తుంది. అక్కడున్నది ఒక్కటే రోడ్డు కాబట్టి పట్టించుకోకుండా పోవడమే.

ఎండ మాత్రం గట్టి శత్రువు. మధ్యాహ్నం మ్యాపు, చార్జింగు, ఫుల్ బ్రైట్‌నెస్ మూడూ కలిస్తే ఫోన్ వేడెక్కి తనంతట తానే మసకబారుతుంది, చార్జింగూ ఆపేస్తుంది. వాటర్‌ప్రూఫ్ పౌచ్‌లో పెడితే గాలాడక మరీ అన్యాయం. నేను పౌచ్ వదిలేసి, వానొస్తే పైన తొడగడానికి ఒక పల్చటి పాలిథీన్ కవరు, రబ్బరు బ్యాండు ట్యాంక్ బ్యాగులో ఉంచుకున్నాను. వానలో ఎలాగూ ఎండ ఉండదు. కవరు వెయ్యకపోతే చినుకులే స్క్రీన్‌ని నొక్కేస్తాయి, మ్యాపు ఎక్కడెక్కడికో జరిగిపోతుంది. సూటిగా పోయే హైవే మీద స్క్రీన్ ఆపేసి తెలుగు వాయిస్ మాత్రం ఉంచుతాను, ఫోన్ చల్లబడుతుంది.

ఆ వాయిస్ వినడానికి హెల్మెట్లో బ్లూటూత్ స్పీకర్లు పెట్టించాలా, ఇప్పుడున్నట్టు ఒక చెవికే ఇయర్‌ఫోన్ ఉంచాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ఆనందపురం వైపు హైవే ఎక్కితే వెనకనుంచి లారీ హారన్ వినబడటం నాకు ముఖ్యం. బావమరిది ఈ వారం తన హెల్మెట్ ఇస్తానన్నాడు, పెట్టుకుని నడిపి చూడాలి.