పత్తి చేనులో పెరిగిన నాకు రొమ్ము క్యాన్సర్

నా బయాప్సీ రిపోర్టులో క్యాన్సర్ అన్న మాట కన్నా ఎక్కువ రోజులు నన్ను పట్టి పీడించిన మాట ఇంకొకటి ఉంది. ఈస్ట్రోజెన్ రిసెప్టర్ పాజిటివ్. క్యాన్సర్ అని తెలిసిన రోజు ఏడ్చాను. తర్వాత ఏం చేయాలో డాక్టర్లు చెప్పారు, చేశాను. ఈ రెండో మాట మాత్రం ఇంటికి చేరేసరికి "హార్మోన్ల వల్ల వచ్చిందంట" అయిపోయింది. ఆ హార్మోన్లు ఎక్కడివని చుట్టాలంతా నా వంటింట్లో, నా తిండిలో, నా గత జీవితంలో వెతకడం మొదలుపెట్టారు. నేనూ వెతికాను. దొరికిన సంగతులు మా నడిగడ్డ, అంటే గద్వాల ప్రాంతపు, ఆడవాళ్ళకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మాది గద్వాల దగ్గర ఊరు. అంగన్‌వాడీ టీచర్‌ని. గర్భిణులు, బాలింతలు రోజూ మా సెంటర్‌కు వచ్చి భోజనం చేస్తారు, గుడ్డు తింటారు, పాలు తాగుతారు. వాళ్ళలో సగం మంది మా దగ్గర తిని నేరుగా విత్తనం కోసం పెంచే సీడ్ పత్తి చేనుకు పోతారు.

స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ము పైభాగంలో, చంక వైపు, చింతగింజంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. దగ్గర్లో ఒకాయనకు చూపిస్తే "నొప్పి లేదంటే భయం లేదమ్మా, కొవ్వు గడ్డ" అని మాత్రలిచ్చి పంపాడు. మా ఏఎన్ఎం అక్క ఆ మాట విని కోప్పడింది. రొమ్ములో క్యాన్సర్ గడ్డకు మొదట్లో చాలాసార్లు నొప్పి ఉండదని, నొప్పి లేదని ఊరుకోకూడదని చెప్పింది. మాకు కర్నూలు దగ్గర కాబట్టి మామోగ్రామ్, సూది పరీక్ష అక్కడే చేయించాం. వైద్యం మాత్రం ఆరోగ్యశ్రీ కింద హైదరాబాద్‌లో. ఎర్రవల్లి చౌరస్తాలో బస్సెక్కడం, దిగడం ఆ ఏడాది నా బతుకులో భాగమైంది.

రొమ్ము మొత్తం, చంకలో బిళ్ళలు (లింఫ్ గ్రంథులు) కూడా తీసేశారు. తర్వాత కీమో. దాని గురించి చాలామంది రాశారు, నేను ఎక్కువ చెప్పను. నోట్లో ఇనుము నాకినట్టు ఉండేది. జొన్న రొట్టె వాసనకే కడుపులో తిప్పేది. రాగి అంబలి మజ్జిగతో ఒక్కటే లోపలికి పోయేది. జుట్టు పోయింది, గోళ్ళు నల్లబడ్డాయి. ఒకసారి తెల్లకణాలు పడిపోయి జ్వరం వస్తే మా ఆయన రాత్రికి రాత్రి ఆస్పత్రికి తీసుకుపోయాడు. కీమో నడిచేటప్పుడు జ్వరం వస్తే పొద్దున చూద్దాంలే అనుకోకూడదు, ఇది మాత్రం అందరూ గుర్తుపెట్టుకోవాలి. కీమో తర్వాత కరెంటు, అంటే రేడియేషన్, పెట్టారు. ఛాతీ మీద గీసిన గుర్తులు చెరగకుండా ఒళ్ళు తుడుచుకోవడం, నాంపల్లి దగ్గర అద్దె గది, పక్క మంచం మీద సిరిసిల్ల నుంచి వచ్చిన పెద్దమ్మ. "బిడ్డా, నువ్వు చదువుకున్నదానివి, నీకెందుకొచ్చింది?" అని ఆమె అడిగింది. ఆ ప్రశ్నలో తప్పు పట్టడం లేదు, నిజంగానే తెలుసుకోవాలని ఉంది. నాకూ అదే కావాలి.

ఆస్పత్రిలో డాక్టర్ మేడం ఒకరోజు తీరిగ్గా చెప్పారు. ఈస్ట్రోజెన్ ప్రతి ఆడమనిషి ఒంట్లో ఉంటుంది. అండాశయాల్లో తయారవుతుంది. ముట్టు ఆగిపోయాక కూడా కొవ్వులో కొద్దికొద్దిగా తయారవుతుంది. అందుకే ఆ వయసులో బరువు పెరగడం రొమ్ముకు మంచిది కాదు. చిన్న వయసులో పెద్దమనిషి కావడం, ముట్టు ఆలస్యంగా ఆగడం, పిల్లలు లేకపోవడం లేదా మొదటి కాన్పు బాగా ఆలస్యం కావడం, వీటన్నిటితో ప్రమాదం కొంత పెరుగుతుంది. పాలివ్వడంతో కొంత తగ్గుతుంది. కొన్ని క్యాన్సర్ కణాల మీద ఈస్ట్రోజెన్ అతుక్కునే చోట్లు ఉంటాయి. అది అతుక్కుంటే కణం పెరుగుతుంది. రిపోర్టులో పాజిటివ్ అని ఉన్నది ఆ చోట్ల గురించే. ప్రపంచం మొత్తం మీద పది రొమ్ము క్యాన్సర్లలో దాదాపు ఏడు ఈ రకం. మన దేశంలో కొంత తక్కువ. "నీ తప్పు వెతుక్కోకు. ఒక్క మనిషికి ఎందుకు వచ్చిందో మేమూ చెప్పలేం" అన్నారు.

ఇంట్లో మాత్రం తీర్పులు ఆగలేదు. మా అత్తమ్మ డబ్బాలో ఉన్న మీల్ మేకర్ పారేసింది, సోయాలో ఆడ హార్మోన్ ఉంటుందని ఎవరో చెప్పారట. సోయాలో ఈస్ట్రోజెన్‌ను పోలిన పదార్థం ఉన్న మాట నిజం. తిండిగా తినేంత సోయాతో రొమ్ముకు హాని అని ఎక్కడా తేలలేదు. బాయిలర్ కోడి మీదా నేరం మోపారు. కోళ్ళకు హార్మోన్ సూదులు వేస్తారన్నది మా దగ్గర అందరి నమ్మకం. ఆ కోడి ఆరు వారాల్లో రెండు కిలోలు కావడానికి కారణం తరాల తరబడి ఏరి పెంచిన జాతి, దానికిచ్చే దాణా. మన దేశంలో కోళ్ళకు హార్మోన్లు ఇవ్వడానికి అనుమతి లేదు, వేల కోళ్ళున్న షెడ్డులో ఒక్కొక్కదానికి సూది పొడవడం అయ్యే పనీ కాదు. యాంటీబయాటిక్స్ ఎక్కువ వాడుతున్నారన్న భయం వేరు, అది నిజమైన భయం. పాలు చేపడానికి బర్రెకు వేసే ఆక్సిటోసిన్ సూది కూడా అంతే. అది ప్రోటీన్ లాంటి పదార్థం, పాలలో కొంచెం ఉన్నా మన కడుపులో అరిగిపోతుంది. ఆ సూదితో బాధపడేది బర్రె. అలా వేయడం తప్పే, కానీ నా గడ్డకు అది కారణం కాదు.

ఇవన్నీ ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. మా సెంటర్‌కు వచ్చే ఒక గర్భిణి, నా సంగతి విన్నాక, గుడ్డు, పాలు రెండూ మానేసింది. రక్తం తక్కువ ఉన్న పిల్ల. అంత దూరం పోయింది ఈ భయం. ఆమెను మళ్ళీ తినేలా చేయడానికి నాకు చాలా ఓపిక పట్టింది.

తిండి గురించి ఇంతమంది మాట్లాడారు కానీ చేను గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

నా చిన్నప్పుడు మలేరియా వాళ్ళు వచ్చి ఇంటి గోడలకు డీడీటీ కొట్టి, తలుపు పక్కన తేదీ ముద్ర వేసి పోయేవాళ్ళు. మేము పిల్లలం ఆ తడి గోడల మీద బొమ్మలు గీసేవాళ్ళం. ఆ తర్వాత మా చేనులో క్రాసింగ్ పని వచ్చింది. తెలియని వాళ్ళ కోసం చెప్తాను. హైబ్రిడ్ పత్తి విత్తనం దానంతట అది తయారు కాదు. సాయంత్రం ఒక్కో మొగ్గ విప్పి అందులోని పుప్పొడి కాడలు గిల్లి తీసేయాలి. మరుసటి పొద్దున మగ చెట్టు పువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. సీజన్ మొత్తం, ప్రతి చెట్టుకూ, ప్రతి మొగ్గకూ. పిల్లల వేళ్ళు సన్నగా ఉంటాయని, కూలి తక్కువని ఆడపిల్లలను పెట్టేవాళ్ళు. నేనూ బడి ఎగ్గొట్టి చేశాను. చెట్లు మా భుజాల దాకా ఉండేవి, ముందు రోజు కొట్టిన పురుగుమందు ఆకుల మీద తడిగానే ఉండేది. ఎండోసల్ఫాన్, మోనోక్రోటోఫాస్ పేర్లు మాకు బడిలో పాఠాల కన్నా ముందే నోటికొచ్చాయి. ఖాళీ అయిన మందు డబ్బా కడిగి అందులోనే తాగే నీళ్ళు తెచ్చుకునేవాళ్ళం.

డీడీటీని మన దేశం 1989లో వ్యవసాయంలో నిషేధించింది, దోమల కోసం మాత్రం ఉంచింది. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011 మేలో ఆపించింది. ఈ రెండూ ప్రయోగశాలల్లో ఈస్ట్రోజెన్‌లా పనిచేయగలవని తేలిన మందులు. అంటే బయటి రసాయనం ఒంట్లోకి వచ్చి, మన హార్మోన్ కూర్చోవలసిన చోట కూర్చుని, కణానికి తప్పుడు కబురు పంపగలదు. ఈ సంగతి ప్లాస్టిక్‌లో ఎలా బయటపడిందో చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. అమెరికాలో బోస్టన్ నగరంలో ఆనా సోటో, కార్లోస్ సోనెన్‌షైన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రొమ్ము క్యాన్సర్ కణాలను ప్రయోగశాలలో పెంచుతున్నారు. ఈస్ట్రోజెన్ వేయకపోయినా కణాలు పెరగడం మొదలైంది. ఎందుకని వెతికితే వాళ్ళు వాడిన ప్లాస్టిక్ గొట్టాల్లోంచే నోనైల్‌ఫినాల్ అనే రసాయనం ఊరుతోందని తెలిసింది. ఆ పరిశోధన 1991లో అచ్చయింది.

ఇంకొకటి కాలిఫోర్నియాది. 1959 నుంచి 1967 దాకా గర్భిణుల నుంచి తీసి దాచిన రక్తంలో డీడీటీ ఎంత ఉందో బార్బరా కోన్ అనే శాస్త్రవేత్త బృందం చూసింది. వాళ్ళ కూతుళ్ళు పెద్దవాళ్ళయ్యాక ఎవరికి రొమ్ము క్యాన్సర్ వచ్చిందో పోల్చింది. తల్లి రక్తంలో ఒక రకం డీడీటీ అందరికన్నా ఎక్కువ ఉన్న కూతుళ్ళకు, తక్కువ ఉన్నవాళ్ళతో పోలిస్తే, ప్రమాదం దాదాపు నాలుగు రెట్లు కనబడిందని 2015లో చెప్పారు. అంతకుముందు 2007లో అదే బృందం, పద్నాలుగేళ్ళ లోపు డీడీటీ తగిలిన ఆడపిల్లల్లో కూడా పెద్దయ్యాక ప్రమాదం ఎక్కువగా ఉందని చూపింది. రొమ్ము ఏర్పడే కాలంలో, అంటే తల్లి కడుపులో ఉన్నప్పుడు, పెద్దమనిషి అయ్యే వయసులో తగిలిన రసాయనం ఎక్కువ హాని చేస్తుందన్నది ఆ పరిశోధనల నుంచి నాకు అర్థమైన సంగతి. మా నడిగడ్డలో మందు కొట్టిన చేనులోకి దిగేది సరిగ్గా ఆ వయసు పిల్లలు, ఆ నెలల గర్భిణులు.

నా గడ్డ ఆ చేను వల్లే వచ్చిందని నేను అనను. అలా అనడానికి నా దగ్గర రుజువు లేదు, మేడం దగ్గరా లేదు. నాతో క్రాసింగ్ చేసిన నా ఈడు ఆడవాళ్ళలో చాలామంది ఆరోగ్యంగా ఉన్నారు, ఉండాలి కూడా. కానీ నాకు రుజువు లేకపోవడం వేరు, పన్నెండేళ్ళ పిల్లను తడి మందులో నిలబెట్టడం వేరు. రెండోదాన్ని ఆపడానికి మొదటిది తేలేదాకా ఆగనక్కర్లేదు.

కరెంటు అయిపోయాక టామాక్సిఫెన్ మాత్ర రాశారు. కనీసం ఐదేళ్ళు. "హార్మోన్ మాత్ర" అని మెడికల్ షాపు అబ్బాయి అనగానే మా వదిన చేతిలోంచి లాక్కుంది, "వచ్చిందే హార్మోన్ వల్ల, మళ్ళీ హార్మోనేనా?" అని. ఇలా భయపడే ఒకామె మాత్ర మానేసిందని ఆస్పత్రిలో విన్నాను. ఈ మాత్ర రొమ్ములో చేసే పని అడ్డుకోవడం. ఈస్ట్రోజెన్ అతుక్కునే చోట ముందే ఇది కూర్చుంటుంది. 1960లలో గర్భం రాకుండా చేసే మందు కోసం వెతుకుతూ దీన్ని తయారుచేశారు, ఆ పనికి పనికిరాలేదు, లక్షల మంది రొమ్ము క్యాన్సర్ ఆడవాళ్ళను కాపాడింది. ఐదేళ్ళు సరిగ్గా వేసుకుంటే జబ్బు తిరగబెట్టే ప్రమాదం సగం దాకా తగ్గుతుంది. ఒళ్ళంతా ఒక్కసారిగా ఆవిర్లు రావడం, నిద్ర చెడడం ఉంటాయి. నాకు ఇప్పటికీ ఉన్నాయి, రాత్రిపూట లేచి ఆరుబయట కూర్చుంటాను. ముట్టు ఆగిపోయినవాళ్ళకు మళ్ళీ రక్తం కనబడినా, కాలు వాచి నొప్పి పెట్టినా వెంటనే చూపించుకోవాలి. గర్భసంచికి, రక్తం గడ్డకట్టడానికి సంబంధించిన ప్రమాదం కొద్దిగా ఉంది. దాన్ని చూసి మాత్ర మానేయకూడదు, డాక్టర్‌కు చెప్పాలి.

చంకలో బిళ్ళలు తీసేసిన వైపు, ఎడమ చేయి వాపు ఇంకా ఇబ్బంది పెడుతుంది. గోడ మీద వేళ్ళతో పైకి పాకించే కసరత్తు రోజూ చేస్తాను. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వను, సూది వేయనివ్వను, బిందె ఎత్తను. సెంటర్‌కు మళ్ళీ పోతున్నాను. జుట్టు వచ్చింది, ముందుకన్నా ఉంగరాలు తిరిగి.

ఈ మధ్య మా పెద్దమ్మ మనవరాలికి రొమ్ములో గడ్డ తగిలింది. చిన్న పిల్ల, పెళ్ళి కాలేదు. ఇంట్లో అంతా ఏడుపు. వేలితో కదిలిస్తే జారిపోయే గడ్డ. అయినా స్కానింగ్, సూది పరీక్ష చేయించాం. ఫైబ్రోఅడినోమా అని తేలింది, హాని లేనిది. రొమ్ములో వచ్చే గడ్డల్లో ఎక్కువ శాతం క్యాన్సర్ కావు. ముట్టుకు ముందు బరువెక్కి నొప్పి పెట్టడం కూడా చాలామందికి మామూలే. ఏ గడ్డ ఏమిటో చెప్పాల్సింది పరీక్ష, పక్కింటి వాళ్ళు కాదు. ముప్పై దాటిన ఆడవాళ్ళ రొమ్ము పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ క్లినిక్‌లకు మంగళవారం పోవచ్చని అప్పట్లో మా సెంటర్ గోడ మీద నేనే రాశాను.

పోయిన సీజన్లో తల్లుల మీటింగ్‌కు ఇద్దరు రైతులను, రైతులతో విత్తనం పెట్టించే ఒక ఆర్గనైజర్‌ను కూడా పిలిచాను. మందు కొట్టిన రోజూ మర్నాడూ గర్భిణులను, బాలింతలను చేనులోకి పిలవొద్దని, ఆ రెండు రోజుల కూలి కోయొద్దని అడిగాను. పిల్లలను అసలే వద్దన్నాను. మందు డబ్బాలు ఇళ్ళకు పంపొద్దని, చేను బట్టలు విడిగా ఉతకడానికి సబ్బు ఇవ్వమని, వేడి చాయ్ ప్లాస్టిక్ కవర్లలో తేవొద్దని కూడా చెప్పాను. రైతులిద్దరూ ఒప్పుకున్నారు, వాళ్ళ ఇళ్ళలోనూ ఆడపిల్లలున్నారు. కూలి మాట వచ్చేసరికి ఆర్గనైజర్ ఫోన్ వచ్చిందని లేచిపోయాడు. విత్తనం పెట్టే ముందు అడ్వాన్సులు ఇచ్చేది ఆయనే కాబట్టి, ఈసారి ఆ అడ్వాన్సుల రోజునే ఆడవాళ్ళం అందరం కలిసి పోయి అడగబోతున్నాం.