ముందు దోమతెర, తర్వాత జెర్రిపోతు

పొద్దున గుంటూరులో బయలుదేరేసరికే ముసురు పట్టింది. తెనాలి దారిలో ఒక ఊళ్లో నాట్లేసే కూలీలతో, పిల్లలతో పాముల గురించి మాట్లాడాలి. వానకి ఎవరూ రారేమోనని టెన్షన్ పడ్డాను. కానీ నాట్లు ఆగిపోవడంతో ఆడవాళ్లంతా రామాలయం అరుగు మీదకి చేరారు.

ఎప్పటిలాగే జెర్రిపోతుతో మొదలుపెట్టాను. దానికి విషం లేదు, ఎలుకల్ని తిని మన ధాన్యం కాపాడుతుంది. నాగుపాముతో జత కడుతుందనే మాటా నిజం కాదు. గట్ల మీద పెనవేసుకుని పైకి లేచేవి రెండు మగ జెర్రిపోతులే, అవి పోట్లాడుకుంటున్నట్టు. పిల్లలు కళ్లు ఇంత చేసుకుని విన్నారు. వెనక కూర్చున్న ఒక పెద్దావిడ మాత్రం, "బాబూ, మా ఆయన నిద్దట్లోనే పోయాడు. గాటు కూడా కనపళ్లా. ఏది మంచి పామో, ఏది కాదో ఆ చీకట్లో ఎవరు చూస్తారు?" అంది.

ఫోటోలు పక్కన పెట్టేశాను. ఆవిడ చెప్పింది కట్లపాము గురించే అయ్యుంటుంది. అది రాత్రిళ్లు తిరుగుతుంది. కరిస్తే నొప్పి, వాపు పెద్దగా ఉండవు. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం మొదలవుతాయి. అందుకే నేల మీద పడుకోవద్దనీ, దోమతెర అంచులు పరుపు కిందకి దోపుకోమనీ, రాత్రి టార్చ్ లేకుండా గడప దాటొద్దనీ చెప్పాను. కరిస్తే గట్టిగా కట్టు కట్టొద్దు, కోయొద్దు, మంత్రం కోసం ఆగొద్దు. కాలో చెయ్యో కదపకుండా 108లో ఆసుపత్రికి వెళ్లాలి.

"మరి పాముని చంపి డాక్టరుకి చూపించక్కర్లేదా?" అని ఒకావిడ అడిగింది. అక్కర్లేదమ్మా అన్నాను. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికీ ఇచ్చే ఇంజెక్షన్ ఒకటే. చంపబోయి రెండో కాటు తినేవాళ్లున్నారు. ఈ మాట ఇన్నాళ్లూ చివర్లో హడావుడిగా చెప్పేవాణ్ణి. ఇవాళ అరుగు మీద అందరూ దీని గురించే మాట్లాడుకున్నారు.

ఒక కుర్రాడు చేలో పసుపుపచ్చ కప్పల్ని చూశానన్నాడు. బోదురు కప్పలు! తొలి వానలకి మగవి అలా రంగు తిరుగుతాయి. ఒకప్పుడు కాళ్ల కోసం వీటిని పట్టి విదేశాలకి పంపేవారనీ, 1987లో ఆ ఎగుమతి ఆపేశారనీ చెప్పాను. వాడికి నమ్మకం కుదర్లేదు.

వచ్చేటప్పుడు ఆ పెద్దావిడ నా దగ్గరికొచ్చి, "మగాళ్లున్నప్పుడు రా బాబూ, కర్ర పట్టేది వాళ్లే" అంది. ఆదివారం సాయంత్రం వస్తానన్నాను. ఒక దోమతెర, ఒక టార్చ్ కొనాలి.